గోడలో మొలిచిన చుట్టం

"అమ్మా, దానికి నీళ్లెందుకు పోస్తున్నావు? అది కలుపుమొక్క!"

వంటింటి కిటికీలోంచి మా అమ్మాయి కేకేసింది. నేను చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయాను. కలుపుమొక్కా! నా తలకి మించి ఎదిగి, కొమ్మకొమ్మకీ జానెడేసి ఊదారంగు పూలకంకులు వేసి, ఆ కంకుల మీద అరడజను సీతాకోకచిలుకలు రెక్కలు ముడుస్తూ విప్పుతూ తేనె తాగుతూంటే, దాన్ని కలుపుమొక్క అనడానికి దీనికి నోరెలా వచ్చిందా అనుకున్నాను.

లండన్ శివార్లలో వున్న మా అమ్మాయి ఇంటికి పురుడు పోయడానికని నేను వెళ్లిన వేసవి అది. మనవరాలు పుట్టి నెల దాటింది. దానికి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసే వీలులేక ఉత్తి జోలపాటతోనే నిద్రపుచ్చి, ఓ అరగంట పెరట్లోకి వచ్చి కూచునేదాన్ని. ఆ పెరటి గోడ వెనకే రైలుపట్టాలు. పాతకాలపు ఇటుకగోడ. ఆ గోడ అడుగున ఇటుకల సందులోంచి పుట్టుకొచ్చింది ఈ పొద. ఎవరూ నాటలేదు, ఎవరూ ఎరువు వెయ్యలేదు. నీళ్లు పోసిన పాపం కూడా నాదొక్కదానిదే.

ఆ సాయంత్రం మా అల్లుడుగారు నెమ్మదిగా చెప్పారు. "వేళ్లు గోడలోకి దూరిపోతున్నాయి అత్తయ్యగారూ. ఇటుకలు కదులుతున్నాయి. వచ్చే శనివారం తీయించేద్దామనుకుంటున్నాను."

"ఒక్క వారం ఆగండి బాబూ, పూత మీద వున్న చెట్టుని కొట్టడం మా ఇంట్లో అలవాటు లేదు," అన్నాను.

మా అమ్మాయి నవ్వింది. "సరే, ఈ వారం రోజులూ దానికి ప్లీడరువి నువ్వే. ఏం వాదిస్తావో వాదించు," అంది.

నేను దాన్ని సరదా మాటగా తీసుకోలేదు. మర్నాటినుంచీ మనవరాల్ని బండిలో పడుకోబెట్టుకుని వీధి చివర లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. "ఫోనులో చూసుకోవచ్చు కదమ్మా," అంటుంది మా అమ్మాయి. ఫోనులోనూ చూశాను. కాని ఒక పొద పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి, పక్కన పసిపిల్ల నిద్రపోతూ వుండగా పుస్తకం తిరగెయ్యడంలో వున్న సుఖం వేరు. అక్కడ తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

ఈ పొదని ఇంగ్లీషువాళ్లు మురిపెంగా 'బటర్‌ఫ్లై బుష్' అంటారు. సీతాకోకచిలుకల పొద అన్నమాట. అసలు పేరు బడ్లియా. ఆకు సన్నగా, పొడుగ్గా, అడుగున బూడిద రాసినట్టు తెల్లటి నూగుతో వుంటుంది. కంకిని దగ్గరగా చూస్తే వందలకొద్దీ చిన్నిచిన్ని పూలు, ఒక్కొక్కదానికీ నాలుగే రేకులు, నడుమ పసుపుకుంకాలు కలిపి బొట్టు పెట్టినట్టు నారింజరంగు చుక్క. ఆ చుక్క కింద సన్నటి గొట్టం, దాని అడుగున తేనె. వాసన కూడా తేనెవాసనే.

ఇంతకీ బడ్లియా అన్న పేరు ఎక్కణ్ణించి వచ్చింది? ఆడమ్ బడిల్ అనే ఒక ఇంగ్లీషు పాదిరి గారి ఇంటిపేరు అది. ఆయన 1662లో పుట్టి 1715లో పోయాడు. చర్చి పని చేసుకుంటూనే మొక్కల వెంట తిరిగేవాడు. అందులోనూ ఆయనకి ప్రాణం గులాబీల మీదా కాదు, సంపెంగల మీదా కాదు, నాచు మీద! తడిగోడల మీద, బావిగట్ల మీద, మనం కాలు జారుతుందని తిట్టుకుంటూ చీపురుతో గీకేస్తామే, ఆ నాచు మీద. నాచుల విషయంలో ఆ కాలపు ఇంగ్లండులో ఆయన్ని మించినవాళ్లు అరుదు. తన దేశంలో వున్న మొక్కలన్నిటి గురించీ ఒక పెద్ద పుస్తకం రాసి 1708 నాటికి పూర్తి చేశాడు. ఆ పుస్తకం అచ్చు కాలేదు. ఆయన బతికుండగానూ కాలేదు, పోయిన తర్వాతా కాలేదు. రాతప్రతి మాత్రం హాన్స్ స్లోన్ అనే డాక్టరుగారి సేకరణలోకి చేరింది. ఆ సేకరణ మీదే 1753లో బ్రిటిష్ మ్యూజియం వెలిసింది. బడిల్ గారు ఎండబెట్టి కాగితాలకి అంటించిన మొక్కలు మూడువందల ఏళ్లు దాటినా లండన్లో ఇంకా భద్రంగా వున్నాయి.

సరే, నాచు పాదిరిగారికీ ఈ ఊదాపూల పొదకీ సంబంధం ఏమిటంటారా? ఏమీ లేదు! అదే తమాషా. ఆయన పోయిన చాలా ఏళ్లకి విలియం హ్యూస్టన్ అనే స్కాట్లండు డాక్టరు ఓడల మీద అమెరికా వైపు వెళ్లి, కరీబియన్ ప్రాంతంనుంచి ఇంగ్లండుకి రకరకాల మొక్కలు పంపించాడు. అందులో ఈ జాతి మొక్క ఒకటి. దానికి బడిల్ గారి పేరు పెడితే బాగుంటుందని ఆయనే సూచించాడు. హ్యూస్టన్ 1733లో జమైకాలో చనిపోయాడు. ఆ తర్వాత మొక్కలకీ జంతువులకీ పేర్లు పెట్టడంలో బ్రహ్మంతటివాడైన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1753లో అచ్చయిన తన గ్రంథంలో ఆ పేరునే ఖాయం చేశాడు. అంటే చూడండి, బడిల్ గారి రాతప్రతి మ్యూజియానికి దఖలు పడ్డదీ, ఆయన పేరు మొక్కకి దక్కిందీ ఒకే సంవత్సరం. తన పేరు మోస్తున్న పొదని ఒక్కదాన్నైనా ఆయన కంటితో చూసి ఎరగడు. ఇరవై ముప్ఫై ఏళ్లు ఒక ఇంట్లో చాకిరీ చేసి వెళ్లిపోయిన ముత్తవ్వ పేరు, ఆవిడ్ని చూడని మునిమనవరాలికి పెట్టుకుంటామే, అలాంటిదే ఇదీను.

ఐతే ఆ మొక్క వేరు, మా పెరటి గోడలో మొలిచింది వేరు. అక్కచెల్లెళ్లనుకోండి. ఈ కుటుంబంలో దాదాపు నూరు రకాలున్నాయి. 1774లో చిలీ దేశంనుంచి మరో అక్క ఇంగ్లండు తోటల్లోకి వచ్చింది. దానికి కంకులు కాదు, ముద్దబంతి మొగ్గల్లా నారింజరంగు ఉండలు పూస్తాయి. మన దేశంలోనూ ఒక చెల్లెలుంది. హిమాలయాల దిగువనా, దక్షిణాది కొండల్లోనూ అడవిగా పెరుగుతుంది. సన్నటి తెల్లటి కంకులు, కమ్మని వాసన. దారిన పోతూ ఏదో పిచ్చిమొక్క అనుకుని దాటిపోతూ వుంటాం. కాని ప్రపంచమంతా తిరిగి పేరూ అపకీర్తీ రెండూ మూటగట్టుకున్నది మాత్రం చైనా చెల్లెలే.

దాన్ని వెతకబోతే ఇంకో పాదిరి గారు ఎదురయ్యారు. ఆర్మాన్ దవీద్. ఫ్రాన్సు దేశపు కొండసీమలో 1826లో పుట్టాడు. 1862లో మత ప్రచారానికని చైనా వెళ్లాడు. వెళ్లినవాడు పిట్టల్నీ పురుగుల్నీ పూలనీ చూసి మైమరచిపోయి వాటిని సేకరించి పారిస్ మ్యూజియానికి పంపడం మొదలుపెట్టాడు. వాళ్లు చూసి, ఈయన్ని బడిపనికంటే ఈ పనిలో పెట్టడమే మేలని ఆయన పెద్దల్ని ఒప్పించారు.

1865లో పెకింగు నగరం బయట, చక్రవర్తి వేటతోట గోడ మీంచి ఆయన లోపలికి తొంగిచూశాడు. లోపల ఇదివరకు ఐరోపా శాస్త్రవేత్తలెవరూ ఎరగని రకం లేళ్లు మేస్తున్నాయి. బయట అడవుల్లో ఆ లేడి అప్పటికే లేదు. వున్నవల్లా ఆ తోటలోవే. తర్వాత వరదల్లో, యుద్ధాల్లో అక్కడా అంతరించిపోయాయి. ఈలోగా ఐరోపాకి చేరిన కొన్నింటిని ఇంగ్లండులో ఒక ప్రభువు తన ఎస్టేటులో పెంచాడు గనక జాతి నిలిచింది. 1985లో వాటి సంతానాన్ని తిరిగి చైనాకి పంపారు. పుట్టింటివాళ్లు మరిచిపోయిన పిల్లని మెట్టినింటివాళ్లు సారె పెట్టి పంపినట్టు! ఇప్పటికీ దాన్ని దవీద్ గారి లేడి అనే అంటారు.

1869 మార్చి 11న నైరుతి చైనాలోని సిచువాన్ కొండల్లో, ఒక గృహస్థు ఇంట్లో ఆయనకి నలుపూ తెలుపూ రంగుల్లో ఒక ఎలుగు చర్మం కనిపించింది. పిల్లల బొమ్మల్లో మనం ముద్దుచేసే పాండా గురించి బయటి ప్రపంచానికి తెలిసింది అలాగే. అదే ఏడు, అదే కొండల్లో, రాళ్లు తేలిన ఏటిగట్ల మీద ఆయన ఒక ఊదాపూల పొద కొమ్మని కూడా కోసి కాగితాల మధ్య పెట్టాడు. పాండా ముందు ఈ పొద ఎవరికి కనిపిస్తుంది చెప్పండి! పద్ధెనిమిదేళ్లు పోయాక 1887లో పారిస్‌లో ఫ్రాంషే అనే శాస్త్రవేత్త ఆ ఎండుకొమ్మని చూసి, శ్రద్ధగా వర్ణించి, దవీద్ గారి పేరు దానికి తగిలించాడు. ఆ రకంగా ఈ పొద పేరులో ముందు ఒక పాదిరి, వెనక ఒక పాదిరి చేరారు.

ఇది చదువుతూంటే నాకో సందేహం కలిగింది. సిచువాన్ కొండల్లో ఆ పొద పక్కనే తరతరాలుగా కాపరమున్న ఆడవాళ్లు దాన్ని ఏమని పిలుచుకున్నారు? వాళ్లకీ ఒక పేరుండాలి కదా. వుంది. చైనా భాషలో ఈ జాతికి 'చేపల్ని మత్తెక్కించే మొక్క' అని పేరు. దీని దగ్గరి బంధువు ఆకుల్ని నలిపి నీళ్లలో వేస్తే చేపలు మత్తుగా పైకి తేలతాయిట. మా గోడమొక్క 'పెద్ద ఆకుల చేపమత్తు మొక్క'. ఎవరి అవసరం వాళ్లది. కూరకోసం ఏటికి వెళ్లినవాళ్లు చేపల్ని తలుచుకున్నారు, తోటలో కుర్చీ వేసుకు కూచున్నవాళ్లు సీతాకోకచిలుకల్ని తలుచుకున్నారు. పుస్తకంలోకి ఎక్కింది మాత్రం వీళ్లిద్దరి మాటా కాదు, పాదిరి గార్ల ఇంటిపేర్లు.

ఎండుకొమ్మ పారిస్ చేరింది గాని, బతికిన మొక్క ఐరోపా నేలలో వేళ్లూనడానికి మరికొంత కాలం పట్టింది. చైనాలో ఉద్యోగం చేస్తూ వుండిన ఆగస్టీన్ హెన్రీ అనే ఐరిష్ డాక్టరు దీన్ని మళ్లీ సేకరించి లండన్లోని క్యూ తోటకి పంపాడు. 1893లో సూలియే అనే మరో ఫ్రెంచి పాదిరి టిబెట్టు సరిహద్దునుంచి ఫ్రాన్సులో పేరున్న విల్మొరాన్ వారి తోటకి గింజలు పంపాడు. పాపం, ఆయన తిరిగి స్వదేశం చూడలేదు. 1905లో ఆ సరిహద్దు అల్లర్లలో ఆయన్ని చంపేశారు. 1896 నాటికి క్యూ తోటలో ఈ మొక్క వుంది. ఆ తర్వాత ఎర్నెస్ట్ విల్సన్ అనే మొక్కల వేటగాడు ఒక నర్సరీవారి తరఫున చైనా వెళ్లి, ఇంకా నిండు కంకులు వేసే రకాల గింజలు తెచ్చాడు. ఇక చూడండి, పాతికేళ్లు తిరక్కుండా ప్రతి ఇంటి పెరట్లోనూ అదే.

అంత త్వరగా ఇల్లాళ్ల మనసు దోచుకోవడానికి కారణం లేకపోలేదు. దీన్ని పెంచడం అంత తేలిక! ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. అంతే. మట్టి సారంలేనిదైనా ఫరవాలేదు, సున్నపు పాలున్న నేలైతే మరీ సంతోషం. ఎరువెక్కువేస్తే ఆకు దట్టంగా వేసి పువ్వు తగ్గిస్తుంది. మొదటి ఏడాది నీళ్లు చూసుకుంటే చాలు, ఆపైన దాని తిప్పలు అదే పడుతుంది. గోడకి మాత్రం ఆరేడు అడుగుల ఎడం వుండాలి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా వుండాలి. చలి వెనకపట్టి, మార్చి నెల వచ్చేసరికి, ఎనిమిదడుగుల పొదని మొహమాటపడకుండా మోకాలెత్తుకి నరికెయ్యాలి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాని ఈ పొద ఆ ఏడు వేసిన కొత్త చిగురు చివరే పూస్తుంది. పాతకొమ్మ వుంచితే పూలు ఎక్కడో మనకందని ఎత్తున పూస్తాయి. మన మల్లెపొదకి ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే గదా వేసవిలో మరువలేనన్ని మొగ్గలు! అదే సూత్రం. జూలైలో మొదలై సెప్టెంబరు దాకా పూలు. వాడిన కంకి వాడినట్టు కత్తిరించేస్తూ వుంటే పక్కనుంచి మళ్లీ చిన్న కంకులు వస్తాయి. ఈ కత్తిరింపుకి ఇంకో పెద్ద కారణం కూడా వుంది, అక్కడికే వస్తున్నాను.

వాడిన కంకిని వదిలేస్తే గింజ కడుతుంది. గింజ అంటే ఆవగింజంత కూడా కాదు, ఊదితే ఎగిరిపోయే నూక, రెండు కొసలా రెక్కలు. ఒక్క పెద్ద పొద ఏటా 30 లక్షల దాకా గింజలు రాలుస్తుందని లెక్క కట్టారు. వాటిని గాలి మోసుకుపోతుంది. రైలు వెళ్తే ఆ విసురుకి రైలు వెంట పరుగెడతాయి. పట్టాల మధ్య కంకర వీటికి సిచువాన్ ఏటిగట్టులాగే వుంటుంది. పాత ఇటుకగోడల్లో సున్నం, పుట్టింటి సున్నపురాయిలాగే వుంటుంది. అందుకే ఇంగ్లండులో రైలెక్కి కిటికీ పక్కన కూచుంటే, స్టేషను తర్వాత స్టేషను ఇదే పొద. ఇంటి పొగగొట్టాల మీదా, పాడుపడ్డ ఫ్యాక్టరీ కప్పుల మీదా కూడా ఊదాకంకులు ఊగుతూ కనిపిస్తాయి.

ఐతే ఆ దేశం జ్ఞాపకంలో ఈ పొద నిలిచిపోయింది రైలుపట్టాల వల్ల కాదు, బాంబుల వల్ల. 1940 సెప్టెంబరు 7న జర్మనీ విమానాలు లండన్ మీద బాంబులు కురిపించడం మొదలుపెట్టాయి. వరసగా 57 రాత్రులు. మొత్తం మీద ఆ దాడులు 1941 మే దాకా సాగాయి. దేశంలో 40,000 మందికి పైగా మామూలు జనం చనిపోయారు. చీకటి పడితే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని, దుప్పట్లు మోసుకుని భూగర్భ రైలుస్టేషన్లలో పడుకునేవాళ్లు. పొద్దున్నే పైకి వచ్చి తమ వీధి వుందో లేదో చూసుకునేవాళ్లు. ఎందరో తల్లులు పిల్లల్ని ముక్కూమొహం తెలియని పల్లెటూరివాళ్ల ఇళ్లకి రైళ్లెక్కించి పంపేశారు.

వీధులకి వీధులు ఇటుకదిబ్బలైపోయాయి. ఆ ఏడే వేసవి వచ్చేసరికి ఆ దిబ్బల మీద పచ్చదనం మొదలైంది. ముందు గులాబిరంగు పూల ఫైర్‌వీడ్, పసుపుపూల రాగ్‌వర్ట్, వాటి వెంటే మన ఊదాపొద. పగిలిన ఇటుక, రాలిన సున్నం, ఎండ, గాలి, అడ్డం లేని ఆకాశం, దానికి కావలసినవన్నీ అక్కడ వున్నాయి. క్యూ తోట డైరెక్టరు ఎడ్వర్డ్ సాలిస్‌బరీ ఆ శిథిలాల్లో తిరిగి, ఏయే మొక్కలు మొలుస్తున్నాయో జాబితా రాశాడు. బాంబులు పడ్డ స్థలాలు కొన్ని యుద్ధం ముగిసిన పది పదిహేనేళ్ల దాకా అలాగే వుండిపోయాయి. ఇది వాటి మీద ఎంతగా అల్లుకుందంటే జనం దీన్ని బాంబుస్థలాల మొక్క అనడం మొదలుపెట్టారు. ఆ దిబ్బల మధ్య ఆడుకున్న పిల్లలకి సీతాకోకచిలుకలంటే ఇవే, పూలతోటంటే ఇదే.

లైబ్రరీలో ఇదంతా చదువుతూ వుండగా ఒక సంగతి నన్ను కాసేపు ఆపేసింది. నాచు పాదిరి ఆడమ్ బడిల్ గారిని 1715లో లండన్లోని సెయింట్ ఆండ్రూ చర్చిలో ఖననం చేశారు. 1941లో ఆ చర్చి మీదా బాంబు పడింది. బయటి గోడలూ గంటగోపురమూ తప్ప లోపలంతా కాలిపోయింది. దాన్ని మళ్లీ కట్టి 1961లో తెరిచారు. అంటే ఏ ఊరి మట్టిలో ఆయన నిద్రపోతున్నాడో ఆ ఊరు కాలి కూలిన ఏళ్లలో, ఆయన కంటితో చూడని పొద ఒకటి ఆయన పేరుతో ఆ శిథిలాల మీద పూసింది. పుస్తకం మూసి మనవరాలి వంక చూశాను. నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతోంది.

ఇంతవరకూ చదివిన మీరు, ప్లీడరమ్మ కేసు గెలిచేసిందనుకుంటున్నారు కాబోలు. నేనూ అలాగే అనుకున్నాను. కాని అవతలి పక్షం సాక్ష్యం కూడా వినాలి గదా.

బాంబులు ఆగిపోయాయి, ఊళ్లు మళ్లీ లేచాయి, ఈ పొద మాత్రం వెనక్కి తగ్గలేదు. గోడలు పగలగొడుతుంది, పట్టాలకి అడ్డం వస్తుంది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం దీన్ని హానికరమైన కలుపుల జాబితాలో చేర్చి, గింజ కట్టని రకాల్ని మాత్రమే అనుమతిస్తోంది. న్యూజిలాండులో ఏటిగట్లనీ, కొత్తగా నాటిన అడవుల్నీ కమ్మేస్తూంటే, 2006లో దీని ఆకు తినే ఒక ముక్కుపురుగుని కావాలని తెప్పించి వదిలారు. మనకీ ఇలాంటి అనుభవం లేకపోలేదు. మనం పులికంప అనే లాంటానా కూడా అమెరికా ఖండంనుంచి 19వ శతాబ్దం తొలి ఏళ్లలో పూలమొక్కగా కలకత్తా తోటకి వచ్చిందే. దాని మీదా సీతాకోకచిలుకలు ముసురుతాయి. అది అడవుల్ని ఎంతగా ఆక్రమించిందో, అడివంచు పల్లెల్లో మేకలు కాచుకునేవాళ్లని అడగండి.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం సీతాకోకచిలుకలదే. ఈ పొద మీద వాలి తేనె తాగుతాయి, నిజమే. కాని గుడ్లు పెట్టాలంటే దీని మొహం చూడవు. ఇంగ్లండులో దీని మీద వాలే అందగత్తెలు చాలామంది, రెడ్ అడ్మిరల్, పీకాక్, స్మాల్ టార్టాయిస్‌షెల్, గుడ్లు పెట్టేది నెటిల్ అనే మొక్క మీద. మన దూలగొండిలాగే తాకితే చాలు ఒళ్లు మండిపోతుంది. దాన్ని ఎవరూ తోటలో వుండనివ్వరు. పొద వున్నది పెద్దవాళ్ల విందుకే. పిల్లల ఆకలి తీర్చేది ఆ దురదమొక్క. నెటిళ్లన్నీ పీకేసి, పెరడంతా ఊదాపూలు నింపుకుంటే విందుకి వచ్చేవాళ్లు మరుసటేడు ఎక్కణ్ణించి వస్తారు?

ఈ మాట చదవగానే నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకో చెబుతాను.

మా ఇంటి పెరట్లో ఒక కరివేపచెట్టూ, ఒక నిమ్మచెట్టూ వున్నాయి. వాటి లేతాకుల మీద చిన్నప్పుడు పిట్టరెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా లావుగా వుండే పురుగులు పడతాయి. పుల్లతో తాకితే తలమీద ఎర్రటి కొమ్ములు చాపి ఘాటు వాసన కొడతాయి. నేను ఇరవై ఏళ్లుగా వాటిని ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేస్తూ వచ్చాను. ఏరడంలో మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరని గొప్ప కూడా! మరోపక్క, "మా చిన్నప్పుడు ఎన్ని సీతాకోకచిలుకలుండేవో, ఇప్పుడు ఒక్కటీ కనిపించదేం?" అని వచ్చినవాళ్లందరితోనూ వాపోయేదాన్ని. నలుపు మీద పసుపుమచ్చల నిమ్మ సీతాకోకచిలుకా, నల్లరెక్కల మీద తెల్లచుక్కల వరసతో తిరిగే మరొకటీ, వాటి పిల్లలే ఆ పురుగులు. నేను ఎదురుచూస్తున్న అతిథుల పసిపిల్లల్ని నా చేత్తోనే సబ్బునీళ్లలో ముంచుతూ వచ్చానన్నమాట.

శనివారం వచ్చింది. నేను మా అమ్మాయినీ అల్లుడిగారినీ కూచోబెట్టి ఇదంతా చెప్పాను. "ఇంతకీ నీ వాదన ఏమిటమ్మా? వుంచమంటావా, తీసెయ్యమంటావా?" అంది మా అమ్మాయి.

"గోడలోంచి తీసెయ్యాల్సిందే," అన్నాను. ఇద్దరూ ఆశ్చర్యపోయారు. "గోడ మీది, కూలితే పసిపిల్లున్న ఇల్లు. అందులో నాకు వాదన లేదు. కాని పూర్తిగా తీసేముందు నాకో కొమ్మ ఇవ్వండి."

పువ్వు లేని పక్కకొమ్మ ఒకటి జానెడు కత్తిరించి, కింది ఆకులు తీసేసి, ఇసక కలిపిన మట్టికుండీలో గుచ్చి, నీడన పెట్టాను. ఈ పొదతో వచ్చిన సుఖం అది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. నేను ఇండియాకి బయల్దేరే నాటికి వేళ్లు పట్టింది. మరుసటి వసంతంలో గోడకి దూరంగా, ఎండ తగిలే మూల నాటుకోమనీ, ప్రతి మార్చిలోనూ నరకమనీ, కంకి వాడగానే గింజ కట్టనివ్వకుండా కోసెయ్యమనీ మా అమ్మాయికి అప్పగింతలు చెప్పాను. ఇంకో అప్పగింత కూడా. పెరటి వెనక చెత్తకుండీ పక్కన ఓ నాలుగు నెటిల్ మొక్కలున్నాయి, వాటి జోలికి పోవద్దని. అల్లుడుగారు నవ్వి, "పిల్ల నడక వచ్చేసరికి చుట్టూ చిన్న కంచె కడతాను అత్తయ్యగారూ," అన్నారు.

ఇప్పుడు ఆ పొద మా అమ్మాయి నడుమెత్తు వచ్చిందిట. వీడియోలో చూపించింది. మనవరాలు దాని ముందు నిలబడి రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తోంది. సీతాకోకచిలుక అనమంటే "కోక, కోక" అంటుంది. ఆ దేశంలో పుట్టిన పిల్ల నోట ఆ రెండక్షరాలు విని నేను ఫోను చాలాసేపు కిందపెట్టలేకపోయాను.

ఇక్కడ మా కరివేపచెట్టుకి తూర్పువైపు కొమ్మ ఒకటి నేను ముట్టుకోవడం మానేశాను. ఇవాళ పొద్దున దాని మీద మూడు పురుగులు ఆకు నములుతున్నాయి. చారులోకి పోపుకి పడమటి కొమ్మనుంచి నాలుగు రెబ్బలు తుంచుకుని లోపలికి వచ్చాను.